గాయంలో గాజుముక్క ఉందా.. ఆ ఒక్క మాట చదవగలరా?

మెడికల్ కోడింగ్ కోర్సుకు ఫీజు కట్టే ముందు మిమ్మల్ని మీరే పరీక్షించుకోండి

పెద్దదోర్నాల కూడలి నుంచి ఒక రోడ్డు శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంది. ఇంకోటి మార్కాపురం వెళ్తుంది. మరోటి ఆత్మకూరు మీదుగా కర్నూలు వైపు సాగుతుంది. డిగ్రీ చేతికొచ్చిన ఈ ప్రాంతం పిల్లలకు నాలుగో దారి ఒకటి కనిపిస్తోంది. అదే హైదరాబాద్ అమీర్‌పేట. బీఎస్సీ, బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ.. ఏది చదివినా ఎవరో ఒకరు ‘మెడికల్ కోడింగ్ నేర్చుకోరాదా’ అనే అంటున్నారు. కోర్సు ఫీజు, హాస్టల్, పరీక్ష ఖర్చు అన్నీ కలిపితే ఇంట్లో ఒక పంట డబ్బు కదలాలి. అంత పెట్టాక ‘ఈ పని నావల్ల కాదు’ అనిపిస్తే ఏంటి పరిస్థితి?

ఆ సంగతి ముందే తెలుసుకునే మార్గం ఉంది. కోడింగ్‌లో ఒక్క అంశం తీసుకుని లోతుగా చూడండి. ఈ పని మీకు సరిపడుతుందో లేదో సగం తేలిపోతుంది. ఇందుకు మనం తీసుకుంటున్న అంశం.. లోపల ఏదో ఒక వస్తువు దిగిన గాయం. ముల్లు, గాజుముక్క, పలకరాయి పెచ్చు, ఇనుప రజను.. ఏదైనా కావచ్చు. చూడటానికి చిన్న విషయమే. కానీ కోడర్‌కు కావాల్సిన లక్షణాలన్నీ ఇందులోనే బయటపడతాయి.

అసలు పనేంటి?

అమెరికాలో రోగిని చూసిన ప్రతిసారీ డాక్టరు ఏం జరిగిందో, ఏం చూశారో, ఏం చేశారో రాస్తారు. దాన్నే చార్ట్ అంటారు. ఆసుపత్రికి బీమా కంపెనీ డబ్బు చెల్లించాలంటే ఆ చార్టులోని విషయం కోడ్ల రూపంలోకి మారాలి. ఆ మార్చేవాళ్లే కోడర్లు. హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లోని కంపెనీలు ఈ పనిని పెద్ద ఎత్తున చేస్తున్నాయి.

ముఖ్యంగా రెండు పుస్తకాలు గుర్తుపెట్టుకోండి. రోగం లేదా గాయం ఏంటో చెప్పేది ఐసీడీ-10-సీఎం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఐసీడీ-10కి అమెరికా చేసుకున్న రూపమిది. అక్కడ 2015 అక్టోబర్ 1 నుంచి వాడుకలో ఉంది. డాక్టరు చేసిన పని ఏంటో చెప్పేది సీపీటీ. దీన్ని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రచురిస్తుంది. ఒకటి ‘ఎందుకు’ చేశారో చెబితే, రెండోది ‘ఏం’ చేశారో చెబుతుంది. రెండూ పొంతన కుదరకపోతే బిల్లు వెనక్కి వస్తుంది.

చాలామంది అనుకున్నట్టు కోడ్లు బట్టీపట్టే ఉద్యోగం కాదిది. పుస్తకం, సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంటాయి. అసలు పని చదవడం. డాక్టరు రాసిన పేరాలో ఏ మాట కోడ్‌ను మారుస్తుందో పట్టుకోవడం.

ఒక ముల్లు.. ఏడు అక్షరాలు

పొలం గట్టు మీద నడుస్తుంటే సర్కారు తుమ్మ ముల్లు చెప్పును చీల్చుకుని కుడి పాదంలో దిగి, లోపలే విరిగిపోయిందనుకోండి. దీనికి ఐసీడీ కోడ్ ఎస్91.341ఎ. పుస్తకంలో ఈ అక్షరాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. విడదీసి చూడండి.

• ఎస్91: చీలమండ, పాదం, కాలివేళ్లకు అయిన తెరిచిన గాయాలు
• 3: అందులో పాదం
• 4: గుచ్చుకున్న గాయం, లోపల బయటి వస్తువు ఉంది
• 1: కుడి వైపు
• ఎ: చికిత్స చురుగ్గా జరుగుతున్న దశ

ఇందులో ‘4’ ఉన్న స్థానమే మన పాఠం. ఆ చోట 1 వేస్తే చీరుకుపోయిన గాయం, లోపల ఏమీ లేదు. 2 అయితే చీరుకుపోయింది, లోపల వస్తువు ఉంది. 3 అయితే గుచ్చుకుంది, ఏమీ లేదు. 4 అయితే గుచ్చుకుంది, వస్తువు ఉంది. 5 అయితే కాటు. 0 అయితే ఏ రకమో రాయలేదని అర్థం. తల నుంచి పాదం దాకా తెరిచిన గాయాల్లో ఎక్కువ చోట్ల ఇదే వరస కనిపిస్తుంది. ఈ వరస తెలిస్తే వందల కోడ్లు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇప్పుడు ఇంకో మెలిక. అదే ముల్లు లోతుకు దిగకుండా పైచర్మంలోనే ఇరుక్కుంటే? అప్పుడది తెరిచిన గాయం కాదు. పైపైన ఇరుక్కున్న వస్తువు కింద ఎస్90.851ఎ వస్తుంది. ముల్లు అదే, పాదం అదే. కోడ్ పూర్తిగా వేరు. తేడా ఎక్కడుంది? ‘పైచర్మంలో’ అని డాక్టరు రాసిన ఒక్క మాటలో.

మన చుట్టూ చూసే గాయాలే

మీకొచ్చే చార్టులు అమెరికావి కాబట్టి అందులో తుమ్మముల్లు కనిపించకపోవచ్చు. ఫెన్సింగ్ మేకో, పగిలిన సీసానో ఉంటుంది. గాయం మాత్రం ఎక్కడైనా గాయమే. అందుకే మన దగ్గర జరిగే వాటితో సాధన చేస్తే తొందరగా బుర్రకెక్కుతుంది.

మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. గనిలో పని చేసే మనిషి ఎడమ అరచేయి చీరుకుపోయి, అందులో రాతి పెచ్చు ఉండిపోయిందనుకుందాం. ఎస్61.422ఎ. ఎడమ చేయి, చీరుకుపోయిన గాయం, లోపల వస్తువు. దాంతోపాటు ఎలా జరిగింది, ఎక్కడ జరిగింది, జీతానికి చేసే పనిలో జరిగిందా అనే వివరాలకు వేరే కోడ్లుంటాయి. జరిగిన చోటు గని అయితే వై92.64. డబ్బు కోసం చేసే పనిలో అయితే వై99.0. వీటిని బాహ్య కారణాల కోడ్లంటారు. ఇవెప్పుడూ మొదటి కోడ్‌గా రావు. గాయం కోడ్ వెనకే రావాలి. పనిలో గాయపడిన మనిషికి పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న వచ్చినప్పుడు ఈ వివరాలకు చాలా విలువ ఉంటుంది.

ఘాట్ రోడ్డు మలుపులో బస్సు రక్షణ గోడకు తగిలి, అద్దం పగిలి ప్రయాణికుడి నుదుటిపై గాయమైంది. గాజుముక్కలు లోపల ఉన్నాయి. ఎస్01.82ఎక్స్‌ఎ. మధ్యలో ఈ ‘ఎక్స్’ ఏంటని అడుగుతారేమో. ఏడో స్థానంలో రావాల్సిన అక్షరం ఆరో స్థానంలోకి జారిపోకుండా ఖాళీని నింపే గుర్తు అది. దాన్ని మర్చిపోతే కోడ్ చెల్లదు. ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న కూడా.

అదే పలక దుమ్ము కంటి నల్లగుడ్డులో పడితే? అక్కడ తెరిచిన గాయాల వరస కాదు, కంట్లో పడిన వస్తువుల విభాగం చూడాలి. కుడి కన్ను అయితే టి15.01ఎక్స్‌ఎ. కన్ను, చెవి, ముక్కు, గొంతు లాంటి సహజ ద్వారాల్లోంచి వెళ్లిన వస్తువులకు టి15 నుంచి టి19 దాకా ప్రత్యేక చోటు ఉంది. ‘వస్తువు ఎలా లోపలికి వెళ్లింది’ అన్న ప్రశ్న వేసుకోకుండా పుస్తకం తెరిస్తే దారి తప్పుతారు.

తీశారు సరే.. ఎలా తీశారు?

ఇక్కడి నుంచి డబ్బు లెక్క మొదలవుతుంది. ‘ముక్క తీసేశాం’ అని డాక్టరు రాస్తే కోడర్‌కు చాలదు.

పైకి కనిపిస్తున్న ముక్కను ఫోర్సెప్స్‌తో లాగేస్తే సాధారణంగా విడిగా ప్రొసీజర్ కోడ్ రాదు. డాక్టరు రోగిని చూసిన విజిట్ కోడ్‌లోనే అది కలిసిపోతుంది. చర్మాన్ని కోసి, చర్మం కింది పొరలోంచి తీస్తే 10120. అదే పని క్లిష్టంగా ఉంటే 10121. ఈ రెండింటి వివరణలోనూ ‘కోత’ అనే మాట ఉంది. చార్టులో కోత గురించి లేకపోతే ఈ కోడ్ వేయకూడదు. కండరంలోనో, స్నాయువు తొడుగులోనో ఉన్నదాన్ని తీస్తే 20520. లోతుగా, క్లిష్టంగా ఉంటే 20525. పాదానికైతే మళ్లీ వేరే వరస ఉంది. చర్మం కింద 28190, లోతుగా 28192, క్లిష్టమైతే 28193.

కుట్ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కుట్ల కోడ్‌కు మూడు విషయాలు కావాలి. గాయం ఎన్ని సెంటీమీటర్లు, శరీరంలో ఎక్కడ, ఎన్ని పొరల్లో కుట్టారు. బస్సు ప్రయాణికుడి నుదుటి గాయం 4 సెంటీమీటర్లు, ఒకే పొరలో కుట్టారనుకోండి. మామూలుగా అది సింపుల్ రిపేర్, 12013. కానీ గాయం బాగా కలుషితమై, ఎక్కువసేపు కడిగి, రేణువులు ఏరి తీయాల్సి వస్తే ఒకే పొర కుట్టినా దాన్ని ఇంటర్మీడియట్ రిపేర్‌గా లెక్కించవచ్చని సీపీటీ నిబంధన చెబుతోంది. అప్పుడది 12052.

ఆ రేణువులు ఏరడానికి డాక్టరు చాలా సమయం పెట్టి ఉండొచ్చు. కానీ ఆ సంగతి రాయకుండా ‘గాయం కడిగి కుట్టాం’ అని సరిపెడితే ఆ కష్టం బిల్లులోకి రాదు. ఇక రెండో వైపు కూడా చూడండి. డాక్టరు అలాంటిదేమీ రాయకపోయినా కోడర్ ‘బస్సు అద్దం కదా, రేణువులు ఉండే ఉంటాయి’ అని పెద్ద కోడ్ వేస్తే అది చేయని పనికి డబ్బు అడగడం. ఆడిట్‌లో దొరికితే ఆసుపత్రి మీద విచారణ దాకా వెళ్తుంది. అంటే తక్కువ వేసినా తప్పే, ఎక్కువ వేసినా తప్పే.

ఊహించొద్దు.. అడగండి

మన చదువుల్లో ఖాళీ వదిలితే మార్కులు పోతాయని ఏదో ఒకటి రాయడం అలవాటు. ఆ అలవాటు ఈ ఉద్యోగంలో పనికిరాదు.

ఒక చార్టులో ఇలా ఉందనుకోండి.. ‘పగిలిన గ్లాసు మీద పడి కుడి ముంజేతికి చీరుకుపోయిన గాయం. గాజు ఉండొచ్చని అనుమానం. ఎక్స్‌రే తీశాం. గాయం కడిగి కుట్టాం.’ మీరేం చేస్తారు? గాజు మీద పడ్డాడు కాబట్టి గాజు ఉంటుందని ఎస్51.821ఎ వేస్తారా? వేయకూడదు. అవుట్‌పేషెంట్ చార్టుల్లో ‘అనుమానం’, ‘ఉండొచ్చు’, ‘కాదని తేల్చుకోవాలి’ అని రాసినవాటిని ఖాయమైనట్టు కోడ్ చేయకూడదని నిబంధన. అదే రోగి ఆసుపత్రిలో చేరి, డిశ్చార్జి నాటికి కూడా ‘ఉండొచ్చు’ అనే రాస్తే ఇన్‌పేషెంట్ నిబంధన వేరుగా ఉంటుంది. ఒకే మాట, రెండు చోట్ల రెండు ఫలితాలు. చార్ట్ ఎక్కడిదన్నది ముందే చూసుకోవాలి.

ఎక్స్‌రే సంగతీ తెలుసుకోండి. గాజు, లోహం, రాయి సాధారణంగా ఎక్స్‌రేలో కనిపిస్తాయి. ముల్లు, చెక్కపేడు చాలాసార్లు కనిపించవు. కాబట్టి ‘ఎక్స్‌రే నార్మల్’ అని ఉన్నంత మాత్రాన లోపల ఏమీ లేదని కోడర్ తీర్మానించకూడదు. ఉందనీ అనుకోకూడదు. అది తేల్చాల్సింది డాక్టరే.

మరి చార్టులో స్పష్టత లేకపోతే? డాక్టరును అడగాలి. దీన్నే క్వెరీ అంటారు. అడిగే తీరుకూ నియమం ఉంది. ‘గాజుముక్క ఉంది కదా, దయచేసి రాయండి’ అని అడిగితే జవాబును మనమే నోటికి అందించినట్టు. అది చెల్లదు. ‘గాయాన్ని పరీక్షించినట్టు రాశారు. లోపల బయటి వస్తువు ఉందా, లేదా, తేల్చలేకపోయారా? ఉంటే ఏ రకం? తీశారా?’ అని అన్ని అవకాశాలూ ఇచ్చి అడగాలి. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా మీకు వెంటనే అర్థమైతే మంచి కోడర్ లక్షణం మీలో ఉన్నట్టే.

ఇదంతా కేవలం బిల్లు కోసం కాదు. లోపల ముక్క ఉండిపోయిందని రికార్డులో ఉంటే ఆరు నెలల తర్వాత ఆ చేయి వాచినప్పుడు చూసే డాక్టరుకు కారణం దొరుకుతుంది. పాత గాయం నుంచి లోపలే ఉండిపోయిన ముక్కలకు ప్రత్యేకంగా జడ్18 వరస కోడ్లు ఉన్నాయి. గాజు అయితే జడ్18.81, రాయి అయితే జడ్18.83. ఒంట్లో లోహపు ముక్క ఉన్న మనిషికి ఎంఆర్ఐ తీయబోయే ముందు ఆ ఒక్క లైను కనిపించడం ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు.

‘ఎ’ అంటే మొదటి విజిట్ కాదు

కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఏడో అక్షరం దగ్గరే. ‘ఎ’ అంటే మొదటిసారి రావడం, ‘డి’ అంటే రెండోసారి రావడం అనుకుంటారు. కాదు. గాయానికి చురుగ్గా చికిత్స జరుగుతున్నంత కాలం ‘ఎ’. ఆ దశ దాటి మానుతున్నప్పుడు డ్రెసింగ్ మార్చడం, కుట్లు విప్పడం లాంటివి ‘డి’. గాయం మానాక మిగిలిపోయిన ఇబ్బంది, ఉదాహరణకు మచ్చ బిగుసుకుని వేలు ముడుచుకోకపోవడం లాంటిదైతే ‘ఎస్’.

దోర్నాలలో ప్రథమ చికిత్స చేసి, మార్కాపురం పంపి, అక్కడి నుంచి ఒంగోలుకో కర్నూలుకో రెఫర్ చేశారనుకోండి. ముగ్గురు డాక్టర్లూ ఆ గాయానికి చురుగ్గా చికిత్స చేస్తుంటే మూడు చోట్లా ‘ఎ’నే. ఆసుపత్రి మారితే అక్షరం మారదు. చికిత్స దశ మారితేనే మారుతుంది.

మన ఆసుపత్రుల్లోనూ పనికొస్తుంది

ఈ నైపుణ్యం అమెరికా చార్టులకే పరిమితం కాదు. మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఒకప్పటి ఆరోగ్యశ్రీయే ఇది. దేశవ్యాప్తంగా 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం ఉంది. ఇక్కడ ప్యాకేజీల పద్ధతి నడుస్తుంది. అయినా రోగ నిర్ధారణ, ఫొటోలు, ఎక్స్‌రేలు, ఆపరేషన్ నోట్స్ సరిగా లేకపోతే క్లెయిమ్ ఆగిపోవడం ఇక్కడా మామూలే. కార్పొరేట్ ఆసుపత్రుల మెడికల్ రికార్డ్స్ విభాగాలు, బీమా క్లెయిములు చూసే సంస్థలు చార్ట్ చదవగలిగే మనుషుల్ని తీసుకుంటాయి.

రోడ్డు ప్రమాదాలు, దాడుల్లో అయిన గాయాలు మెడికో లీగల్ కేసులవుతాయి. అప్పుడు లోపలి నుంచి తీసిన కత్తిమొన, తూటా లాంటివి సాక్ష్యం. వాటిని సీల్ చేసి పోలీసులకు అప్పగించి, ఆ సంగతి రికార్డు చేయాలి. గాయం కొలత, కుడా ఎడమా, లోపల ఏముంది అన్న వివరాలు కోర్టులో ఏళ్ల తర్వాత చదువుతారు. నర్సింగ్ చదివిన మీరు మన దగ్గరి ఆసుపత్రిలోనే చేరినా ఈ పాఠం వృథా పోదు.

ఎవరికి అవకాశం? పరీక్ష ఎలా ఉంటుంది?

లైఫ్ సైన్సెస్ డిగ్రీలు, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ, డెంటల్ చదివినవారికి కంపెనీలు ప్రాధాన్యం ఇస్తాయి. శరీర నిర్మాణం, వైద్య పదాలు వాళ్లకు కొంత తెలిసి ఉంటాయి కాబట్టి. తెలుగు మీడియంలో చదివామన్న బెంగ వద్దు. మాట్లాడే ఇంగ్లిష్ కన్నా చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్ ఇక్కడ ముఖ్యం. అది సాధనతో వస్తుంది.

ఎక్కువగా వినిపించే సర్టిఫికెట్ ఏఏపీసీ అనే అమెరికా సంస్థ ఇచ్చే సీపీసీ. 100 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే ఉత్తీర్ణత. అనుమతించిన కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాయొచ్చు. పుస్తకం ఉంది కదా అని తేలిగ్గా తీసుకుంటే మాత్రం సమయం చాలదు. ఒక్కో ప్రశ్నకు సగటున 2 నిమిషాల 24 సెకన్లే ఉంటాయి. అనుభవం లేకుండా పాసైతే పేరు పక్కన అప్రెంటిస్ గుర్తు ఉంటుంది. రెండేళ్ల పని అనుభవం చూపిస్తే అది తొలగిపోతుంది. అహిమా అనే సంస్థ ఇచ్చే సీసీఎస్ సర్టిఫికెట్‌కూ విలువ ఉంది.

ఉద్యోగంలో చేరాక రోజుకు ఇన్ని చార్టులని లక్ష్యం ఉంటుంది. నాణ్యత 95 శాతం పైన ఉండాలని చాలా కంపెనీలు అడుగుతాయి. కుర్చీలో ఎనిమిది గంటలు స్క్రీన్ చూస్తూ కూర్చోవాలి. మన గాజుముక్క కేసులు ఎక్కువగా ఎమర్జెన్సీ, సర్జరీ కోడింగ్ విభాగాల్లో కనిపిస్తాయి. ఇంకో మాట. కోడింగ్ అని పిలిచి ఏఆర్ కాలింగ్‌లో వేస్తే ఆశ్చర్యపోకండి. అది అమెరికా బీమా కంపెనీలతో ఫోన్లో మాట్లాడే పని. రాత్రి షిఫ్టు ఉంటుంది. రెండూ వేరు. ఏది ఇస్తున్నారో ముందే అడగండి.

ఏఐ వచ్చాక ఈ ఉద్యోగాలు ఉంటాయా అని మీ ఇంట్లో అడుగుతుండొచ్చు. తేలికైన, స్పష్టమైన చార్టులను సాఫ్ట్‌వేర్ చేయడం ఇప్పటికే మొదలైంది. కాబట్టి కోడ్ వెతకడం ఒక్కటే వచ్చినవాళ్లకు కష్టమే. అస్పష్టంగా ఉన్న చార్టును పట్టుకోవడం, సాఫ్ట్‌వేర్ వేసిన కోడ్‌ను సరిచూడటం, సరైన క్వెరీ రాయడం వచ్చినవాళ్లకు పని ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో కోడ్ల కన్నా చదవడం గురించే ఎక్కువ చెప్పాం.

ఫీజు కట్టే ముందు..

• ‘వంద శాతం ఉద్యోగం’ అన్న మాటను కాగితం మీద రాసివ్వమనండి. రాయకపోతే నమ్మొద్దు.
• ఒరిజినల్ సర్టిఫికెట్లు కోచింగ్ సెంటర్‌లో ఇవ్వొద్దు.
• ఉద్యోగం ఇప్పిస్తామని విడిగా డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి. దొంగ అనుభవ పత్రాలతో చేరితే తర్వాత జరిగే తనిఖీలో దొరికిపోతారు.
• డెమో క్లాసులో ఒక పూర్తి చార్ట్ ఇచ్చి కోడ్ చేయించమని అడగండి. స్లైడ్లు చూపించి పంపేస్తే ఇంకో చోట చూడండి.
• గతంలో అక్కడ చదివిన ఇద్దరు ముగ్గురితో మీరే మాట్లాడండి. బోర్డు మీద ఫొటోలు చాలవు.
• ఇంటి నుంచి పని చేసే అవకాశం సాధారణంగా అనుభవం వచ్చాకే ఉంటుంది. మొదటి ఏడాది హైదరాబాద్ ఖర్చు లెక్కేసుకోండి. జీతం చెప్పినప్పుడు చేతికెంత వస్తుందో అడగండి.

ఊళ్లోనే 30 రోజుల సాధన

ఐసీడీ-10-సీఎం కోడ్ల జాబితా, అధికారిక మార్గదర్శకాలు అమెరికా ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. అక్కడి సీడీసీ, సీఎంఎస్ సంస్థలు వాటిని పెడతాయి. ఏటా అక్టోబర్ 1న మార్పులు వస్తాయి కాబట్టి కొత్త సంవత్సరానిదే చూడండి. సీపీటీ మాత్రం కొనాల్సిందే.

మొదటి పది రోజులు శరీర భాగాలు, వైద్య పదాలు. రోజుకు ఇరవై పదాలు చాలు. తర్వాతి పది రోజులు మార్గదర్శకాల్లోని గాయాల అధ్యాయం, అవుట్‌పేషెంట్ నిబంధనలు నిదానంగా చదవండి. చివరి పది రోజులు రోజుకో గాయాన్ని మీరే ఊహించి నాలుగు వాక్యాల చార్ట్ రాయండి. ఇంకొకరికి ఇచ్చి కోడ్ చేయించండి. వాళ్లు అడిగే ప్రశ్నలే మీరు రాయడం మర్చిపోయిన వివరాలు. స్నేహితులు ఇద్దరు కలిసి చేస్తే ఇంకా మంచిది. నెల తర్వాత కూడా ఆసక్తి ఉంటే ఫీజు గురించి ఇంట్లో మాట్లాడండి. విసుగొస్తే మీ డబ్బు మిగిలినట్టే.

ఇప్పుడే ప్రయత్నించండి

1. ఎడమ పాదం చీరుకుపోయి గాజుముక్క ఉంటే తీసి కుట్లు వేశారు. ఏడు రోజులకు కుట్లు విప్పించుకోవడానికి వచ్చారు. ఈ రోజు కోడ్ ఏంటి?

2. కుడి ముంజేతికి చీరుకుపోయిన గాయం. గాజు ఉందేమోనని వెతికారు. ‘లోపల ఏ వస్తువూ లేదు’ అని రాసి కుట్టారు.

3. కుడి చూపుడువేలి పైచర్మంలో చెక్కపేడు ఇరుక్కుంది. ఫోర్సెప్స్‌తో లాగేశారు.

4. మూడేళ్ల పిల్లాడు ముక్కులో వేరుశనగ గింజ పెట్టుకున్నాడు.

జవాబులు:

1. ఎస్91.322డి. గాయం మానే దశలో ఉంది కాబట్టి ‘డి’. గాయాల విషయంలో కుట్లు విప్పడానికి విడిగా జడ్ కోడ్ వెతకొద్దు.

2. ఎస్51.811ఎ. అనుమానించి వెతికారు, లేదని తేలింది. తేలిందే రాయాలి.

3. ఎస్60.450ఎ. కోత లేదు కాబట్టి 10120 వేయకూడదు.

4. టి17.1ఎక్స్‌ఎక్స్‌ఎ. ఇది గాయం కాదు. సహజ ద్వారంలోకి వెళ్లిన వస్తువు. ఖాళీలు నింపడానికి రెండు ఎక్స్‌లు కావాల్సి వచ్చాయి.

నాలుగింటిలో మూడు సరిగ్గా రాశారా? అయితే ఈ రంగం గురించి గట్టిగానే ఆలోచించొచ్చు. కోడ్ తప్పినా పర్లేదు, అది పుస్తకంలో దొరుకుతుంది. రెండో ప్రశ్నలో ‘గాజు ఉంది’ అని మీరే ఊహించేసుకుంటే మాత్రం ‘ఊహించొద్దు’ భాగాన్ని మళ్లీ ఒకసారి చదవండి.